తాజా పండ్లు, కూరగాయల చీటీ

వైద్యుడు రోగికి మందులు వ్రాసి ఇచ్చినట్లే తాజా పండ్లను, కూరగాయలను వ్రాసి ఇచ్చే విధానాన్ని తాజా పండ్లు, కూరగాయల చీటీ అంటారు. ఇంగ్లీషులో దీనికి ప్రొడ్యూస్ ప్రిస్క్రిప్షన్ అని పేరు. ఈ చీటీని రోగి మందుల దుకాణంలో కాక రైతుల సంతలోనో, కిరాణా దుకాణంలోనో ఇచ్చి సరుకు తీసుకొంటాడు. సరుకు ఖరీదును ప్రభుత్వం, ఆసుపత్రి, స్వచ్ఛంద సంస్థ, ఆరోగ్య బీమా సంస్థ వంటివి చెల్లిస్తాయి. మధుమేహం, అధిక రక్తపోటు, స్థూలకాయం వంటి ఆహార సంబంధమైన వ్యాధులు ఉండి, మంచి ఆహారం కొనుక్కొనే స్తోమత లేనివారిని ఉద్దేశించి ఈ విధానం ఏర్పడినది. దీని మూలాలు 1960వ దశకంలో అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మిసిసిపీ రాష్ట్రంలో ఉన్నాయి. 2010 తరువాత ఆ దేశంలో విస్తృతంగా అమలులోకి వచ్చి, ఆపై బ్రిటన్ వంటి ఇతర దేశాలకు వ్యాపించినది.

పథ్యానికీ చీటీకీ తేడా

వైద్యుడు ఆహారం గురించి చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. మందుతో పాటు పథ్యం చెప్పడం ఆయుర్వేదంలో ఎప్పటినుండో ఉన్నది. అయితే వాడుకలో పథ్యం అంటే ఎక్కువగా ఏవి తినకూడదో చెప్పే జాబితా. వంకాయ, గోంగూర, ఆవకాయ మానమని చెప్పడానికి వైద్యునికి గాని, మానడానికి రోగికి గాని ఖర్చు ఉండదు. ఏవి తినాలో చెప్పినపుడు మాత్రం వాటిని ఎవరు కొనాలి అన్న ప్రశ్న వస్తుంది. ఆధునిక వైద్యులు "ఆకుకూరలు, పండ్లు బాగా తీసుకోండి" అని చెప్పే సలహా పేదరోగి విషయంలో తరచు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. సలహాతో పాటు కొనుగోలు శక్తిని కూడా ఇవ్వడమే ఈ చీటీ ప్రత్యేకత. సొమ్ము జత కాని చీటీ కేవలం సలహాయే కాబట్టి దానిని ఈ విధానం క్రింద పరిగణించరు.

చరిత్ర: మౌండ్ బయూ

మిసిసిపీ రాష్ట్రపు డెల్టా ప్రాంతంలో బొలివర్ కౌంటీలో మౌండ్ బయూ అనే చిన్న పట్టణం ఉన్నది. బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతివారు 1887లో దీనిని స్థాపించారు. 1967లో ఇక్కడ టఫ్ట్స్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో డెల్టా ఆరోగ్య కేంద్రం ప్రారంభమైనది. దీనిని నెలకొల్పిన వైద్యులు జాక్ గైగర్, కౌంట్ గిబ్సన్. వీరు అంతకు ముందు 1965లో బోస్టన్ నగరంలోని కొలంబియా పాయింట్‌లో ఇటువంటి కేంద్రాన్నే ప్రారంభించి ఉన్నారు. రెండింటికీ నిధులు అమెరికా ప్రభుత్వపు ఆర్థిక అవకాశాల కార్యాలయం నుండి వచ్చేవి. గైగర్ వైద్యవిద్యార్థిగా ఉన్న రోజులలో దక్షిణాఫ్రికాకు వెళ్ళి, సిడ్నీ కార్క్, ఎమిలీ కార్క్ దంపతులు ఫొలేలా అనే గ్రామీణ ప్రాంతంలో నడిపిన ఆరోగ్య కేంద్రం పద్ధతులను అధ్యయనం చేసారు. అక్కడ చికిత్సతో పాటు కూరగాయల తోటల పెంపకాన్ని కూడా వైద్యంలో భాగంగానే చూసేవారు.

అప్పటి డెల్టా పరిస్థితి దుర్భరంగా ఉండేది. ప్రత్తి ఏరే యంత్రాలు, కలుపు మందులు రావడంతో కౌలుకూలీలకు పని పోయినది. ప్రభుత్వం మిగులు ధాన్యాన్ని ఉచితంగా పంచే పద్ధతి పోయి ఫుడ్ స్టాంపుల పద్ధతి వచ్చినది. ఆ రోజులలో ఈ స్టాంపులను కుటుంబం కొంత సొమ్ము చెల్లించి కొనుక్కోవలసి ఉండేది. చెల్లించిన దానికన్నా ఎక్కువ విలువైన స్టాంపులు లభించినా, చేతిలో ఒక్క డాలరు కూడా లేనివారికి ఆ సహాయం అందేది కాదు. ఈ నిబంధనను రద్దు చేస్తూ చట్టం 1977లో గాని రాలేదు. భూసారంలో అమెరికాలోనే పేరెన్నికగన్న నేల మీద, వ్యవసాయమే వృత్తిగా గల ప్రజలు పస్తులుండడం ఇక్కడి వైపరీత్యం.

కేంద్రానికి వచ్చే పిల్లలలో పోషకాహార లోపం తీవ్రంగా ఉండడం చూసి అక్కడి వైద్యులు ఆహారాన్నే చీటీ మీద వ్రాయడం మొదలుపెట్టారు. పాలు, కూరగాయలు, మాంసం, పండ్లు ఇంత చొప్పున అని వ్రాసి ఇస్తే, ఆ ప్రాంతపు కిరాణా దుకాణదారులు సరుకు ఇచ్చి బిల్లును ఆరోగ్య కేంద్రానికి పంపేవారు. కేంద్రం ఆ బిల్లులను తన మందుల పద్దు నుండి చెల్లించేది. ఇది తెలిసి నిధులిచ్చే కార్యాలయం అభ్యంతరం తెలిపినది. మందుల పద్దు రోగచికిత్సకు ఉద్దేశించినదని అధికారి వాదన. తాను చదివిన వైద్యగ్రంథాలలో పోషకాహార లోపానికి చెప్పిన చికిత్స ఆహారమేనని తాను బదులిచ్చినట్లు గైగర్ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పారు. ఈ విధానం గురించి వ్రాసే ప్రతివారూ ఈ సంఘటనను ఉదహరిస్తారు.

తరువాత జరిగినదానిని అంతగా ఉదహరించకపోవడం విచారకరం. దుకాణంలో సరుకు కొని ఇచ్చినంత మాత్రాన సమస్య తీరదని కేంద్రం త్వరలోనే గుర్తించినది. కేంద్రంలో ప్రజాసంబంధాల కార్యక్రమాలు చూసే జాన్ హ్యాచ్ చొరవతో నార్త్ బొలివర్ కౌంటీ వ్యవసాయ సహకార సంఘం ఏర్పడినది. పని కోల్పోయిన వందలాది కుటుంబాలు ఇందులో సభ్యులై, ప్రత్తికి బదులు చిక్కుడు, ఆకుకూరలు, చిలగడదుంప వంటివి పండించి పంచుకున్నాయి. కౌలుకూలీల కుటుంబంలో పుట్టిన ఎల్.సి. డార్సీ ఈ సంఘంలో పనిచేసి, తరువాత ఉన్నత విద్య అభ్యసించి, 1988లో అదే ఆరోగ్య కేంద్రానికి సంచాలకురాలైనారు. కేంద్రం బావులు త్రవ్వించడం, మరుగుదొడ్లు కట్టించడం వంటి పనులు కూడా చేపట్టినది. అనగా మౌండ్ బయూలో చీటీ మొదటి మెట్టు మాత్రమే. పంట, నీరు, ఉపాధి తరువాతి మెట్లు. నేటి కార్యక్రమాలు చాలావరకు మొదటి మెట్టునే అనుసరించాయి.

గైగర్ 2020 డిసెంబరులో తన 95వ ఏట మరణించారు. డెల్టా ఆరోగ్య కేంద్రం తరహా సామాజిక ఆరోగ్య కేంద్రాలు అమెరికా అంతటా వ్యాపించాయి. ఆహారపు చీటీ మాత్రం చాలాకాలం మరుగున పడి ఉన్నది.

పునరుద్ధరణ

2007లో మిషెల్ నిషాన్ అనే పాకశాస్త్ర నిపుణుడు, అమెరికా వ్యవసాయశాఖలో ఉన్నత పదవి నిర్వహించిన గస్ షూమాకర్‌తో కలిసి హోల్‌సమ్ వేవ్ అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించారు. ఈ సంస్థ మొదట పేదలు రైతుల సంతలలో ఖర్చుపెట్టే ఫుడ్ స్టాంపుల విలువను రెట్టింపు చేసే పథకాలు నడిపినది. రైతుల సంత అంటే మన రైతుబజారు వలె పండించినవారే నేరుగా అమ్మే చోటు. 2010లో ఈ సంస్థ పండ్లు, కూరగాయల చీటీల కార్యక్రమాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినది. 2013లో న్యూయార్క్ నగరంలోని హార్లెం ఆసుపత్రి, బ్రాంక్స్‌లోని లింకన్ వైద్య కేంద్రం దీనిని అమలుచేశాయి. కుటుంబంలో ఒక్కొక్కరికి రోజుకు ఒక డాలరు చొప్పున కూపన్లు ఇచ్చేవారు. నెలనెలా ఆసుపత్రికి వచ్చి బరువు చూపించుకొని, ఆహార నిపుణులతో మాట్లాడి తరువాతి నెల కూపన్లు తీసుకోవాలి.

అమలు విధానం

ముందుగా రోగికి ఆహార అభద్రత ఉన్నదా అని తెలుసుకొంటారు. తగినంత ఆహారం సంపాదించుకోగలమన్న నమ్మకం కుటుంబానికి లేకపోవడమే ఆహార అభద్రత. దీనికోసం అమెరికా ఆసుపత్రులలో ఎక్కువగా రెండు ప్రశ్నలు అడుగుతారు. గడచిన పన్నెండు నెలలలో మళ్ళీ డబ్బు చేతికి వచ్చేలోగా ఇంట్లో తిండి అయిపోతుందేమోనని దిగులు పడ్డారా, కొన్న తిండి అయిపోయి మళ్ళీ కొనడానికి డబ్బు లేని పరిస్థితి వచ్చినదా అన్నవే ఆ ప్రశ్నలు. ఏ ఒక్కదానికి అవునన్నా ఇబ్బంది ఉన్నట్లే లెక్క. అమెరికా వ్యవసాయశాఖ గణాంకాల ప్రకారం 2023లో ఆ దేశపు కుటుంబాలలో 13.5 శాతం ఆహార అభద్రతలో ఉన్నాయి.

అర్హులైనవారికి కాగితపు కూపన్లుగాని, ఏటీఎం కార్డు వంటి కార్డుగాని ఇస్తారు. కొన్నిచోట్ల కూరగాయల పెట్టెను ఇంటికే పంపుతారు. కార్డు మీద తాజా పండ్లు, కూరగాయలు తప్ప వేరే సరుకులు రావు. కొన్ని కార్యక్రమాలలో చక్కెర, ఉప్పు కలపని శీతలీకరించిన కూరగాయలను కూడా అనుమతిస్తారు. గడువు సాధారణంగా నాలుగు నుండి పది నెలలు. చాలాచోట్ల వంట పాఠాలు కూడా ఉంటాయి. ముందెన్నడూ వండని కూర ఇంటికి వచ్చి కుళ్ళిపోవడం ఈ కార్యక్రమాలు మొదట్లోనే ఎదుర్కొన్న సమస్య.

చీటీ అన్నాక జాగ్రత్తలు కూడా ఉంటాయి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవారు ఆకుకూరలను ఒక్కసారిగా పెంచకూడదు. వాటిలోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. మూత్రపిండాల వ్యాధి ముదిరినవారికి పొటాషియం ఎక్కువగా ఉండే అరటిపండు, బంగాళాదుంప, టమాటా వంటివి హాని చేయవచ్చు. అందువలన ఈ చీటీ వైద్యుని చేతి మీదుగా రావడానికి అర్థం ఉన్నది.

నవాహో నేషన్

ఆరిజోనా, న్యూమెక్సికో, యూటా రాష్ట్రాలలో వ్యాపించి ఉన్న నవాహో నేషన్ అమెరికా ఆదిమజాతుల భూభాగాలలో అతి పెద్దది. దాదాపు 27,000 చదరపు మైళ్ళ ఈ ప్రాంతం మొత్తంలో పెద్ద కిరాణా దుకాణాలు పదమూడుకు మించి లేవని చెబుతారు. 2015లో ఇక్కడ కోప్ అనే సంస్థ చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న కుటుంబాల కోసం చీటీలు మొదలుపెట్టినది. కుటుంబంలో మనిషికి రోజుకు డాలరు చొప్పున, కుటుంబానికి అయిదు డాలర్లకు మించకుండా, ఆరు నెలలపాటు ఇచ్చేవారు.

ఇక్కడ చీటీ కన్నా ముందు తీర్చవలసిన చిక్కు ఒకటి ఉన్నది. దగ్గరలో ఉన్న చిన్న దుకాణాలలో చిప్సు, శీతలపానీయాలు తప్ప కూరగాయలు దొరికేవి కావు. కొనేవారు లేరని దుకాణదారు తెప్పించడు, దొరకదని జనం అడగరు. కోప్ సంస్థ ఆ దుకాణదారులను కార్యక్రమంలో చేర్చుకొని, చీటీలు పట్టుకొని వచ్చేవారు ఉంటారన్న భరోసాతో తాజా సరుకు తెప్పించేలా చేసినది. 2020లో ప్రచురించిన ఫలితాల ప్రకారం కార్యక్రమం పూర్తిచేసిన పిల్లలు తినే పండ్లు, కూరగాయలు రోజుకు 5.2 వంతుల నుండి 6.8 వంతులకు పెరిగాయి. ఆహార భద్రత ఉన్న కుటుంబాలు 18 శాతం నుండి 35 శాతానికి చేరాయి. అయినా మూడింట రెండు వంతుల కుటుంబాలు అభద్రతలోనే ఉన్నాయన్నది కూడా ఈ అంకెలలోనే ఉన్నది.

చట్టం, నిధులు

2014 నాటి అమెరికా వ్యవసాయ చట్టంలో పేదల కూరగాయల కొనుగోలుకు ప్రోత్సాహకం ఇచ్చే పథకం చేరినది. 2018 చట్టంలో దానిని విస్తరించి, అంతకు ముందు సంవత్సరం మరణించిన షూమాకర్ పేరు పెట్టారు. చీటీల కార్యక్రమాలకు చట్టంలో ప్రత్యేకంగా చోటు దొరికినది ఈ 2018 చట్టంతోనే. మొత్తం పథకం నిధులలో పది శాతం వరకు వీటికి కేటాయించవచ్చు. 2022 సెప్టెంబరులో ఆకలి, పోషణ, ఆరోగ్యం అన్న అంశాల మీద శ్వేతసౌధంలో జరిగిన సమావేశంలో "ఆహారమే ఔషధం" అన్న మాట ప్రముఖంగా వినిపించినది. ఇటువంటి సమావేశం అంతకు ముందు జరిగినది 1969లో.

పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ నుండి ఆహారానికి చెల్లించడానికి కొన్ని రాష్ట్రాలు ప్రత్యేక అనుమతులు తెచ్చుకొన్నాయి. నార్త్ కరోలినా రాష్ట్రం 2022లో మొదలుపెట్టిన ఇటువంటి పథకం నిధులు లేక 2025 జూలైలో నిలిచిపోయినది. మందుల పద్దు నుండి కూరగాయలకు చెల్లించవచ్చునా అన్న మౌండ్ బయూ నాటి వివాదం రూపం మార్చుకొని నేటికీ కొనసాగుతున్నది.

పరిశోధన ఫలితాలు

కూరగాయలు, పండ్లు రక్తపోటును తగ్గిస్తాయన్న విషయంలో సందేహం లేదు. 1997లో అమెరికాలో 459 మందిపై జరిగిన డాష్ పరిశోధనలో మిగతా ఆహారం మామూలుగానే ఉంచి పండ్లు, కూరగాయలు పెంచినపుడు, అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకె 7.2 పాయింట్లు తగ్గినది. అయితే ఆ పరిశోధనలో పాల్గొన్నవారికి ఆహారమంతా వండి పెట్టారు. కూపను చేతికిచ్చి ఇంటికి పంపితే అదే ఫలితం వస్తుందా అన్నది వేరే ప్రశ్న.

దీనిపై 2023లో రెండు పరిశోధనలు వెలువడ్డాయి. రెండింటినీ కలిపి చదవవలసి ఉన్నది. మొదటిది 12 రాష్ట్రాలలో 22 చోట్ల జరిగిన తొమ్మిది కార్యక్రమాల సమాచారాన్ని పరిశీలించినది. ఇందులో పిల్లలు, పెద్దలు కలిపి 3,881 మంది ఉన్నారు. సగటున నెలకు అరవై డాలర్ల పైచిలుకు సహాయం అందినది. పెద్దలు తినే పండ్లు, కూరగాయలు రోజుకు 0.85 కప్పు పెరిగాయి. అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకె ఎనిమిది పాయింట్లకు పైగా తగ్గినది. గడచిన రెండు మూడు నెలల సగటు రక్తచక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో కూడా తగ్గుదల కనిపించినది. ఆహార అభద్రతలో ఉండే అవకాశం మూడవ వంతు తగ్గినది. పిల్లల బరువులో మాత్రం మార్పు లేదు. ఈ అధ్యయనంలోని లోపం ఏమిటంటే, చీటీ అందని మరొక బృందంతో పోలిక లేదు.

రెండవది ఆ పోలికతో కూడినది. మధుమేహం అదుపులో లేక, ఆహార అభద్రత కూడా ఉన్న 465 మందిని చీట్లు వేసినట్లుగా రెండు బృందాలుగా విడదీసారు. ఒక బృందానికి కుటుంబమంతటికీ వారానికి పది భోజనాలకు సరిపడే మంచి ఆహారంతో పాటు ఆహార నిపుణుల సలహా, నర్సుల పర్యవేక్షణ అందించారు. రెండవ బృందాన్ని వేచి ఉండమన్నారు. ఆరు నెలల తరువాత మొదటి బృందంలో హెచ్‌బీఏ1సీ 1.5 పాయింట్లు తగ్గినది. ఏమీ అందని రెండవ బృందంలో కూడా 1.3 పాయింట్లు తగ్గినది. ఈ తేడా లెక్కలోకి రాదు.

దీనికి కారణం కష్టమైనదేమీ కాదు. చక్కెర బాగా పెరిగి ఉన్నపుడు మనిషి ఆసుపత్రికి వస్తాడు, అప్పుడే కార్యక్రమంలో చేరతాడు. మందులు మార్చడం వలన, జాగ్రత్త పెరగడం వలన తరువాత అది ఎలాగూ కొంత తగ్గుతుంది. పోలిక లేని అధ్యయనంలో ఈ తగ్గుదల కూడా చీటీ ఖాతాలో పడుతుంది. అంత మాత్రాన ఆహారం పనిచేయదని తేల్చడం కూడా తొందరపాటే. ఆరు నెలలు చాలకపోవచ్చు, రెండవ బృందం వేరేచోట సహాయం పొంది ఉండవచ్చు. కూరగాయల వినియోగం, ఆహార భద్రత పెరుగుతాయన్నదానికి ఆధారాలు బలంగానే ఉన్నాయి. వ్యాధి ఎంతవరకు తగ్గుతుంది అన్నదానికి మాత్రం ఇంకా అంత బలమైన ఆధారాలు లేవు.

విమర్శలు

ఈ విధానంపై వచ్చిన విమర్శలలో ముఖ్యమైనది గడువు గురించినది. ఆరు నెలల తరువాత చీటీ ఆగిపోతుంది, పేదరికం ఆగదు. రక్తపోటు మందును ఆరు నెలలకు ఆపివేసే వైద్యుడు ఉండడు. రెండవ విమర్శ అర్హత గురించినది. వ్యాధి వస్తేనే కూరగాయలు దొరుకుతాయంటే, ఆరోగ్యంగా ఉండి ఆకలితో ఉన్నవాడు వ్యాధి వచ్చేదాకా ఆగాలి. మరికొందరు నగదే ఇవ్వవచ్చు కదా అంటారు. అద్దె కట్టలేని కుటుంబానికి టమాటాలు మాత్రమే కొనగలిగిన కార్డు చేతికిస్తే ఆ కుటుంబం అవసరాన్ని వేరొకరు నిర్ణయించినట్లవుతుందని వారి వాదన. దీనికి సమర్థకుల జవాబు వ్యవహారజ్ఞానంతో కూడినది. ఆరోగ్య పద్దు నుండి నగదు పుట్టదు, చీటీ రూపంలో ఐతే పుడుతుంది.

బ్రిటన్

లండన్ నగరంలోని టవర్ హామ్లెట్స్, లాంబెత్ ప్రాంతాలలో 2022లో అలెగ్జాండ్రా రోజ్ ఛారిటీ అనే సంస్థ చీటీల పథకాన్ని ప్రారంభించినది. ఇక్కడి కూపన్లు పెద్ద సూపర్ మార్కెట్లలో కాక వీధి సంతలలో చెల్లుతాయి. టవర్ హామ్లెట్స్‌లో బంగ్లాదేశ్ నుండి వచ్చినవారు అధికం. అక్కడి వీధి సంతలో బెండకాయలు, కాకరకాయలు కూడా దొరుకుతాయి కాబట్టి కూపను తీసుకొన్నవారు తమకు వండడం వచ్చిన కూరలే కొనుక్కోగలుగుతారు.

భారతదేశం

భారతదేశంలో ఆహారాన్ని చికిత్సలో భాగంగా ఇవ్వడం ప్రధానంగా క్షయవ్యాధి విషయంలో జరిగినది. ఝార్ఖండ్ రాష్ట్రంలో 2019లో మొదలై 2023లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురితమైన రేషన్స్ అనే పరిశోధనలో 2,800 మంది క్షయరోగుల ఇళ్ళలోని 10,345 మందిని పరిశీలించారు. రోగులందరికీ ఆహారపు బుట్ట ఇచ్చారు. ఒక బృందంలో మాత్రం రోగి కుటుంబసభ్యులకు కూడా బియ్యం, పప్పులు ఇచ్చారు. ఆ బృందంలోని కుటుంబసభ్యులకు క్షయ సోకడం 39 శాతం తగ్గినది. ఇవన్నీ నిల్వ ఉండే సరుకులే, తాజా కూరగాయలు కావు. కాని వైద్యశాల చీటీ మీద ఆహారం వ్రాస్తే వ్యాధి తగ్గుతుందా అన్న ప్రశ్నకు పోలిక బృందంతో సహా ఇంత స్పష్టమైన జవాబు అమెరికా కార్యక్రమాలలో ఇంతవరకు రాలేదు. ఈ తేడాకు కారణం ఊహించదగినదే. ఝార్ఖండ్ కుటుంబాలలో కొరత కడుపు నిండే తిండిదే. గైగర్ మౌండ్ బయూలో చూసినది కూడా అదే కొరత. మధుమేహ రోగి చిక్కు అంతకన్నా జటిలమైనది.

కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్ నుండి నిక్షయ్ పోషణ్ యోజన క్రింద క్షయరోగులకు చికిత్స కాలంలో నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో జమ చేయడం ప్రారంభించినది. 2024 నవంబరు నుండి దీనిని 1,000 రూపాయలు చేసారు. ఇది చీటీ కాదు, నగదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో రోజుకు 2,000 కేలరీల ఆహారం తీసుకొనే వ్యక్తికి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించినది. ఆ లెక్కన మనిషికి నెలకు 15 కిలోలు అవుతాయి. నిక్షయ్ సొమ్ము మొత్తం వీటికే వెచ్చిస్తే కిలోకు 66 రూపాయలు వస్తాయి, గుడ్లకు, పప్పుకు, పాలకు ఏమీ మిగలదు.